వెలుతురు తక్కువగా ఉన్న వంటింటికి ఏ ఫ్లోరింగ్? బాగా మెరిసే తెల్ల గ్లాసీ టైల్సా, మెరుపు లేని మ్యాట్ టైల్సా?

హన్మకొండ_వంటిల్లు

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది హన్మకొండలో పాత ఇండిపెండెంట్ ఇల్లు. వంటిల్లు 8 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. తూర్పు గోడకు మంచి కిటికీయే ఉంది. కానీ పక్కవాళ్లు పాత పెంకుటిల్లు తీసేసి రెండంతస్తులు లేపాక మాకూ వాళ్లకూ మధ్య మూడడుగుల సందు మిగిలింది. కిటికీ తెరిస్తే ఎదురుగా రంగు వేయకుండా వదిలేసిన సిమెంటు గోడ. పొద్దున పదింటికి కూడా లైటు లేనిదే బియ్యం ఏరలేం.

కింద ఉన్నవి షాబాదు బండలు, మా మామయ్య ఇల్లు కట్టినప్పుడు వేయించినవి. నీలం కలిసిన బూడిద రంగు. జాయింట్లు వెడల్పయి మట్టి చేరి నల్లబడ్డాయి. సింకు దగ్గర రెండు బండలు కుంగి నీళ్లు నిలుస్తున్నాయి. వంట గట్టు కడప బండ, అదీ నలుపే. గట్టు పైన గోడకు ముదురు మెరూన్ పూల టైల్స్.

దసరా లోపు ఫ్లోరింగ్ మార్చాలని అనుకుంటున్నాం. షాపులో అబ్బాయి "4×2 అడుగుల సూపర్ వైట్ హై గ్లాసీ టైల్స్ వేయండి మేడం, గదిలో వెలుతురు డబుల్ అవుతుంది" అన్నాడు. మా ఆయనకు అదే నచ్చింది. షోరూంలో చూస్తే నిజంగానే ధగధగలాడుతోంది.

నా టెన్షన్ అంతా అత్తమ్మ గురించే. ఆమెకు డెబ్బై దాటాయి. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా చేయించాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నా కూరగాయలు మాత్రం కిందే కూర్చుని కత్తిపీట మీద తరుగుతుంది. లేచేటప్పుడు ఒక చెయ్యి నేల మీద ఆనించి లేస్తుంది. అక్కడ జారితే ఇంకేమైనా ఉందా?

ఇంకో సంగతి. దేవుడి గూడు వంటింట్లోనే, ఈశాన్యం మూల. ప్రతి శుక్రవారం దాని ముందు అత్తమ్మ ముగ్గు వేస్తుంది. తెల్ల టైల్స్ అనగానే ఆమె అడిగిన మొదటి మాట, "తెల్లబండ మీద తెల్లముగ్గు ఎవరికి కనబడతది?" అని. మాలో ఎవరి దగ్గరా సమాధానం లేదు.

మూడు రకాల శాంపిల్స్ ఇంటికి తెచ్చాను. ఒకటి ఆ తెల్ల గ్లాసీ. రెండోది సిమెంటు రంగు మ్యాట్. మూడోది క్రీం రంగు, అక్కడక్కడా గోధుమ రంగు చిన్న చుక్కలు, సాటిన్ ఫినిష్ అన్నారు, అంటే కొద్దిపాటి మెరుపే ఉంటుంది. గట్టు అలాగే ఉంచి కింద మాత్రం మారుద్దామని ప్లాను. మీరైతే ఏది వేస్తారు, ఎందుకు?

బెజవాడ_ఫ్లాట్

అండీ, మా ఫ్లాట్‌లో వంటింటి కిటికీ డక్ట్ (ఫ్లాట్ల మధ్య పైపులు దిగే ఇరుకు ఖాళీ) వైపు ఉంటుంది. మీ సందు కంటే చీకటి. బిల్డర్ హాల్లో వేసిన ఐవరీ గ్లాసీ టైల్సే వంటింట్లోకీ లాగించేశాడు. రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, వెలుతురు డబుల్ అవ్వడం అబద్ధం. ట్యూబ్‌లైటు వేస్తే నేల మీద పొడుగ్గా ఒక తెల్లటి గీత మెరుస్తుంది, అంతే. మిగతా నేల ఎప్పటిలాగే ఉంటుంది. పైగా తుడిచాక మాపు చారలు, పాదాల గుర్తులు అన్నీ ఆ గీతలో కనిపిస్తాయి.

జారడం సంగతి వేరే చెప్పాలా! పోపు వేసినప్పుడు చిందే నూనె కంటికి కనపడదు, కాలికి తెలుస్తుంది. మా అమ్మ వచ్చినప్పుడల్లా గట్టు ముందు రబ్బరు మ్యాటు పరుస్తాను. మీ అత్తగారు కింద కూర్చుని లేస్తారంటున్నారు కాబట్టి, గ్లాసీ మాత్రం వద్దు. ఏ రంగైనా తీసుకోండి, గ్లాసీ వద్దు.

గచ్చుపని_గుంటూరు

అమ్మా, నేను గుంటూరు, తెనాలి, నరసరావుపేట వైపు చాలా ఏళ్లు గచ్చు పనులు చేయించాను. మొజాయిక్ రోజుల నుంచి ఇప్పటి విట్రిఫైడ్ టైల్స్ (ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి టైల్స్) వరకు. మీరు రాసింది చదివితే నాకు ముందు కనిపించింది నేల కాదు, మీ గట్టు.

ఎలాగంటే, మూడడుగుల సందు, రెండంతస్తుల గోడ. అలాంటి చోట వెలుతురు ఎదురుగా రాదు, పై నుంచి నిటారుగా దిగుతుంది. కిటికీలోంచి లోపలికి వచ్చిన వెలుతురు మొదట పడేది కిటికీ కింద ఉన్న గట్టు మీద. అక్కడ మీకు నల్ల కడప బండ ఉంది. దాని వెనక మెరూన్ టైల్స్. వచ్చిన కాస్త వెలుతురునూ ఆ రెండే మింగేస్తున్నాయి. నేల దాకా చేరేది చాలా తక్కువ. మీరు నేల మీద పాలరాయి పరిచినా దాని మీద పడని వెలుతురును అది తిరిగి ఇవ్వలేదు కదా. గట్టు లేత రంగుదైతే అక్కడ పడ్డ వెలుతురు పైకి లేచి సీలింగుకు తగిలి గదంతా పరుచుకుంటుంది. కాబట్టి డబ్బు ఒక్క పనికే ఉంటే నేను గట్టుకే ఖర్చు పెట్టమంటాను. సింకు దగ్గర బండలు కుంగాయి కాబట్టి నేల పని ఎలాగూ తప్పదు, రెండూ కలిపి పెట్టుకోండి.

ఇక గ్లాసీ, మ్యాట్ సంగతి. మెరుపు వేరు, వెలుతురు వేరు. షాపుల్లో ఈ రెండింటినీ కలిపేసి అమ్ముతారు. ఒకే రంగు టైలు గ్లాసీగా ఉన్నా, మ్యాట్‌గా ఉన్నా తిరిగి ఇచ్చే వెలుతురు ఇంచుమించు ఒకటే. గ్లాసీ పైపొర దీపం వెలుగును ఒక్క దిక్కుకే కొడుతుంది, మ్యాట్ అన్ని వైపులా చల్లుతుంది. గ్లాసీ నేల ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తుంది. షోరూంలో నెత్తిన వరసగా లైట్లు ఉంటాయి కాబట్టి లైట్లను చూపించింది. మీ వంటింట్లో మెరూన్ గోడను, గట్టు కింద చీకటిని చూపిస్తుంది. చీకటి గదిలో గ్లాసీ నేల ఇంకా నల్లగా అనిపించడానికి కారణం ఇదే. బెజవాడ అమ్మాయి రాసిన ఆ తెల్ల గీత సరిగ్గా ఇదే లెక్క.

టైలు ఎంత వెలుతురు తిరిగి ఇస్తుందో చెప్పడానికి ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంది, 0 నుంచి 100 వరకు. కొన్ని కంపెనీలు కేటలాగులో వేస్తాయి. తెల్ల టైలు 80కి అటూ ఇటూ, క్రీం 60, 70 మధ్య, సిమెంటు బూడిద 30, 40 మధ్య, నల్లరాయి 10 లోపు ఉంటాయనుకోండి. తెలుపుకూ క్రీంకూ తేడా ఉన్నా కంటికి పెద్దగా తెలియదు. క్రీంకూ సిమెంటు రంగుకూ తేడా మాత్రం గదిలో అడుగు పెట్టగానే తెలుస్తుంది. అందుకని సిమెంటు రంగు మ్యాట్ మీకు పనికిరాదు. ఇప్పుడు ఫ్యాషన్ అది, నాకు తెలుసు. ఎండ బాగా పడే పెద్ద హాలుకు అది అందం. ఎదురుగా సిమెంటు గోడ నుంచి వచ్చే బూడిద వెలుతురులో మాత్రం ఎంత తుడిచినా తుడవనట్టే ఉంటుంది.

శుక్లం ఉన్న కంటికి మెరుపు ఇంకో పెద్ద ఇబ్బంది. వెలుగు కంట్లో చెదిరిపోతుంది. ఆ మెరిసే చోట నీళ్లున్నాయో లేవో ఆమెకు తెలియదు. నా ఓటు మీ మూడో శాంపిలుకు, అంటే చుక్కల క్రీం సాటిన్‌కు. కానీ నా మాట మీద కొనకండి. ఇంట్లో ఇలా చూడండి.

శాంపిల్ని చేత్తో పట్టుకుని చూడొద్దు. పట్టుకున్నప్పుడు దాన్ని తెలియకుండానే కిటికీ వైపు తిప్పుతాం, అసలు కంటే తెల్లగా కనిపిస్తుంది. నేల మీద పరిచి, మీరు నిలబడి చూడండి. ఒకసారి గది మధ్యలో, ఒకసారి గట్టు మొదట్లో. పొద్దున లైటు వేయకుండా ఒకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి. తర్వాత టైలు మీద కాసిని నీళ్లు, ఒక చుక్క నూనె వేసి, గోడ పట్టుకుని వట్టి కాలితో రాసి చూడండి. ఈ పని మీరో మీ ఆయనో చేయండి, పెద్దావిడ చేత చేయించొద్దు. పెట్టె మీద గానీ కేటలాగులో గానీ ఆర్9, ఆర్10 అని ఉంటే అది జారుడు లెక్క. అంకె పెరిగే కొద్దీ పట్టు ఎక్కువ. ఇంటి వంటగదికి ఆర్10 చక్కగా సరిపోతుంది. అంతకంటే గరుకైతే జిడ్డు పట్టుకుని వదలదు, తుడిచేవాళ్లకు నడుము పోతుంది.

డబ్బు పెద్దగా ఖర్చు కాని పని ఒకటి చెబుతాను. పక్కవాళ్లను మర్యాదగా అడిగి, మీ కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు, కిటికీ మట్టం నుంచి పైకి నిచ్చెన అందినంత మేర తెల్లరంగు మీ ఖర్చుతో వేయించండి. సున్నం వానకు కారిపోతుంది, తెల్ల సిమెంటు పెయింటు వేయించండి. మీకు ఆకాశం కనపడదు కాబట్టి ఆ గోడే మీ ఆకాశం. అలాగే కిటికీ దోమల మెష్ విప్పి కడగండి. వంటింటి మెష్‌కు జిడ్డు, దుమ్ము కలిసి అట్టకట్టి ఉంటుంది, సగం వెలుతురు అక్కడే ఆగిపోతుంది.

తాండూరు_బండ

అక్కా, ఒక్క మాట. ఆ బండలను అంత తేలిగ్గా తీసిపారేయకండి. షాబాదు కలబురగి జిల్లాలో ఉంది, మా తాండూరు వికారాబాద్ జిల్లాలో. రెండూ సున్నపురాయే, ఒకే జాతి. మా నాయన గనిలో పని చేసినోడు. ఎండాకాలం ఆ బండ మీద పడుకుంటే ఉండే చల్లదనం ఏ టైలుకూ రాదు.

రంగు ముదురు అనుకుంటే తాండూరులో పసుపు బండ కూడా ఉంది. 2×2 సైజు, అంచులు మిషన్ కట్ చేసినవి తీసుకుని దగ్గర దగ్గరగా వేయించి పాలిష్ పట్టిస్తే లేత గోధుమ రంగులో చూడముచ్చటగా ఉంటుంది. టైల్ కంటే తక్కువలో అవుతుంది. మెషిన్ పాలిష్ కాకుండా సగం పాలిష్ చేయిస్తే జారదు. గుంటూరు సార్ ఏమంటారో.

గచ్చుపని_గుంటూరు

తమ్ముడూ, బండ మీద నాకూ ప్రేమే. మా ఇంటి వరండాలో బేతంచెర్ల రాయే ఉంది, ఇవాళ్టికీ తీయనివ్వను. పసుపు తాండూరు వెలుతురు విషయంలో నీలం బండ కంటే నయమే, క్రీం టైలు కంటే ఒక మెట్టు తక్కువ. నువ్వన్నట్టు సగం పాలిష్ అయితే జారదు, అదీ ఒప్పుకుంటాను.

వంటింట్లో దాని చిక్కు పులుపు. సున్నపురాయికి నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ పడితే ఆ చోట పాలిష్ పోయి తెల్లటి మచ్చ తేలుతుంది. అది మరక కాదు, తుడిస్తే పోవడానికి. రాయే కరిగిపోయింది. మీ ఇళ్లలో కడప బండ గట్టు మీద సింకు చుట్టూ బూడిద రంగు తేలి ఉంటుంది చూడండి, అది ఇదే. ఇక పనిమనిషి బాత్రూం యాసిడ్ తెచ్చి ఒక్కసారి నేల కడిగిందంటే అయిపోయింది. విట్రిఫైడ్ టైలు నీళ్లు పీల్చేది 0.5 శాతం లోపే, పులుపుకు చెక్కుచెదరదు. కింద కూర్చుని తరిగే ఇల్లు కాబట్టి నేల మీద పులుపు, పసుపు రోజూ పడతాయి. అందుకని వంటింటి వరకు నేను టైలు వైపే.

పాలిష్ గురించి ఇంకొకటి. ఉన్న నీలం బండలకే పాలిష్ పట్టిద్దామని ఎవరైనా అంటారు. పాలిష్ పట్టిన కొద్దీ రాయి రంగు ముదురుతుంది. తడిసినప్పుడు ఎలా నల్లబడుతుందో అలాగే ఉండిపోతుంది. ఎండ వచ్చే ఇంట్లో అది అందం, ఈ వంటింట్లో కాదు.

హన్మకొండ_వంటిల్లు

అందరికీ చాలా థ్యాంక్స్. సార్ చెప్పినట్టే శాంపిల్స్ మూడూ నేల మీద పరిచి చూశాం.

సిమెంటు రంగుది పొద్దున లైటు లేకుండా చూస్తే పాత బండకూ దానికీ పెద్ద తేడా లేదు. దాన్ని పక్కన పెట్టేశాం. తెల్ల గ్లాసీ దూరం నుంచి బాగానే ఉంది. దగ్గరికొస్తే అందులో మా మెరూన్ టైల్స్ పువ్వులు కనిపిస్తున్నాయి! నిజంగా గోడ నేల మీదికి దిగినట్టుంది. క్రీం సాటిన్ అంత గొప్పగా ఏమీ అనిపించలేదు మొదట. కానీ మధ్యాహ్నం లైటు తీసేసి చూస్తే, గట్టు మొదట్లో చీకటి మూల కూడా ఆ టైలు మేర తేటగా ఉంది. గోధుమ చుక్కల వల్ల కంటికి ఆనుతోంది కూడా, ఎక్కడ అడుగు వేస్తున్నామో తెలుస్తోంది.

మా ఆయన మనసు మార్చింది మాత్రం అత్తమ్మే. రాత్రి ట్యూబ్‌లైటు వెలుగుతుండగా మంచినీళ్లకు వచ్చి, గ్లాసీ టైలు దగ్గర ఆగి, "నీళ్లు ఒలకబోసి తుడవలేదేంది" అంటూ దాన్ని చుట్టుకుని పక్కనుంచి నడిచింది. అక్కడ నీళ్లు లేవు, లైటు నీడ. క్రీం టైలును మాత్రం చూసుకోకుండానే తొక్కుకుంటూ వెళ్లిపోయింది. మా ఆయన ఇక ఏమీ మాట్లాడలేదు. మర్నాడు గ్లాసీ శాంపిల్ తనే షాపులో ఇచ్చేసి వచ్చాడు.

నూనె, నీళ్ల పరీక్ష నేనే చేశాను. క్రీం మీద కాలు ఆగుతోంది. పెట్టె మీద ఆర్10 అనే ఉంది.

ఇక నా సందేహాలు. గట్టుకు లేత రంగు అంటే ఏ రాయి వేయించాలి? మెరూన్ టైల్స్ కొట్టి తీయించాలా? పాత బండల మీదే టైల్స్ వేసేయొచ్చు అని మేస్త్రీ అంటున్నాడు, దుమ్ము ఉండదు, రెండు రోజుల్లో అయిపోతుంది అని. సరేనా? ముగ్గు సంగతి ఎవరూ చెప్పలేదు.

కూకట్‌పల్లి_లైట్స్

మేడం, ఫ్లోరింగ్ గురించి సార్ చెప్పాక చెప్పేదేమీ లేదు. లైటు గురించి రెండు ముక్కలు చెబుతాను. నేను ఇంటీరియర్ వైరింగ్ పనులు చేస్తాను.

మీ ట్యూబ్‌లైటు ఎక్కడుందో రాయలేదు. చాలా పాత ఇళ్లలో తలుపు పైన గోడకు ఉంటుంది. అంటే గట్టు ముందు నిలబడినవాళ్ల వీపు వెనక. మన నీడ మనం తరిగే కూర మీదే పడుతుంది. దాన్ని సీలింగు మధ్యకు మార్చండి. గట్టు పైన కప్‌బోర్డులు ఉంటే వాటి కింద, ముందు అంచు దగ్గర ఎల్ఈడీ పట్టీ ఒకటి పెట్టించండి. ఇళ్లలో వంటగదికి దాదాపు 200 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) వెలుతురు కావాలి. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ పెట్టి గట్టు మీద చూడండి, కచ్చితంగా కాకపోయినా ఒక అంచనా వస్తుంది.

లైటు రంగు 4000 కెల్విన్ తీసుకోండి. మనవాళ్లు అలవాటుగా కొనే 6500 తెల్ల లైటు కింద క్రీం టైలు పాలిపోతుంది. 3000 పసుపు లైటు కింద మరీ పచ్చగా కనిపిస్తుంది. పెట్టె మీద సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 కంటే ఎక్కువ ఉందో లేదో చూడండి, 90 ఉంటే ఇంకా మంచిది. కూర వేగిందో మాడిందో రంగు సరిగ్గా తెలుస్తుంది. టైల్స్ ఫైనల్ చేసే ముందు కొత్త లైటు కింద ఆ శాంపిల్ మరోసారి చూసుకోండి.

గచ్చుపని_గుంటూరు

అమ్మా, వరసగా చెబుతాను.

బండల మీద టైల్స్ వద్దు. మామూలుగా అయితే గట్టిగా ఉన్న పాత గచ్చు మీద అడెసివ్‌తో వేయడం తప్పేమీ కాదు. కానీ మీకు సింకు దగ్గర బండలు కుంగాయి. కుంగాయంటే కింద మట్టి జారింది. ఎలుకలు తవ్వి ఉండొచ్చు, సింకు పైపు లోపల కారుతూ ఉండొచ్చు. అది చూడకుండా పైన టైలు వేస్తే ఆరు నెలల్లో అక్కడే పగులుతుంది. ఇంకో కారణం మీ అత్తగారు. టైలు మందం, అడెసివ్ కలిపి వంటింటి నేల అర అంగుళం పైన లేస్తుంది. గడప దగ్గర ఆ అర అంగుళమే కాలికి తగిలేది. పెద్ద మెట్టు కంటికి కనిపిస్తుంది, చిన్న ఎత్తు కనిపించదు. కాబట్టి బండలు లేపి, ముందు పైపు చూపించి, మట్టి దిమ్మిస కొట్టించి, 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు మూడంగుళాలు వేయించి, దాన్ని వారం తడిపాక టైలు వేయించండి. హాలు నేలతో మట్టం కలవాలి. వాలు నీళ్లు పోయే జాలీ వైపు కొద్దిగా ఉంటే చాలు.

వట్టి సిమెంటు పాలతో విట్రిఫైడ్ అంటించనివ్వొద్దు. అది నీళ్లు పీల్చదు, సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకోలేదు. కొన్నాళ్లకు తట్టి చూస్తే డొల్ల మోత వస్తుంది. ఐఎస్ 15477 అని సంచి మీద రాసి ఉన్న టైల్ అడెసివ్ తెప్పించండి. మేస్త్రీ అడెసివ్‌ను నాలుగు మూలలా ముద్దలు పెట్టి అంటిస్తుంటే ఆపండి. పళ్ల తాపీతో మొత్తం పరిచి దాని మీదే టైలు నొక్కాలి.

సైజు 2×2 చాలు. గట్లు పోను మీకు మిగిలే నేల ఎంత?

గట్టు రాయికి గ్రానైటే మేలు, పులుపుకు భయం లేదు. మూన్ వైట్, రివర్ వైట్ లాంటి లేత రకాలు దొరుకుతాయి. కాకపోతే లేత గ్రానైట్ నల్లదాని కంటే కాస్త ఎక్కువ పీలుస్తుంది. పసుపు, నూనె మరకలు పడకుండా వేయించగానే సీలర్ కొట్టించండి, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ ఒకసారి. క్వార్ట్జ్ అని తెల్లటి స్లాబులు చూపిస్తారు. చూడ్డానికి బాగుంటాయి. కానీ అందులో రెజిన్ అనే జిగురు ఉంటుంది, అది ఎక్కువ వేడికి ఆగదు. పొయ్యి మీద నుంచి దించిన గిన్నె నేరుగా పెట్టే అలవాటున్న ఇంటికి నేను చెప్పను.

మెరూన్ టైల్స్ తట్టి చూడండి. డొల్ల లేకపోతే కొట్టాల్సిన పని లేదు, వాటి మీదే అడెసివ్‌తో లేత రంగు గోడ టైల్స్ వేయొచ్చు. గోడకు మాత్రం గ్లాసీయే తీసుకోండి. అక్కడ ఎవరూ నడవరు, పోపు చిందితే గుడ్డతో ఒక్క తుడుపుకు పోతుంది. నేలకు చెడ్డదైన గుణం గోడకు మంచిదవుతుంది.

ఇక ముగ్గు. ఇది చిన్న విషయం కాదు, పెద్దావిడ సరిగ్గానే అడిగారు. లేపిన షాబాదు బండల్లో అంచులు బాగున్నది, మచ్చ లేనిది ఒకటి ఏరి పక్కన పెట్టించండి. దాన్ని సరిగ్గా 2×2 కు కోయించి, దేవుడి గూడు ముందు ఒక టైలు స్థానంలో అదే వేయించండి. బండ మందం టైలు కంటే ఎక్కువ కాబట్టి కింద ఆ మేర లోతు ముందే ఉంచమని మేస్త్రీకి చెప్పాలి. పై మట్టం టైళ్లతో వేలు తగలనంత సమంగా రావాలి. పాలిష్ వద్దు, రుద్ది నునుపు చేస్తే చాలు. బూడిద నీలం మీద ముగ్గుపిండి ఎంత తెల్లగా కనిపిస్తుందో మీకు తెలుసు. మూలన ఒక్క బండ వల్ల గది వెలుతురుకు వచ్చే నష్టమేమీ లేదు. కుంకుమ పడ్డా, పసుపు పడ్డా ఆ బండ మీదే పడుతుంది. అక్కడ మాత్రం నిమ్మకాయ కోయొద్దని చెప్పండి.

తాండూరు_బండ

సార్, ఈ ఐడియా బాగుంది. అక్కా, ఆ బండ కోయించేటప్పుడు పొర లేచిందేమో చూసుకోండి. సుత్తి పిడితో తట్టితే గంట మోగినట్టు ఖంగుమనాలి. మోత మొద్దుగా ఉంటే లోపల పొర విడిపోయినట్టే, అది వద్దు.

హన్మకొండ_వంటిల్లు

అత్తమ్మకు ఇదంతా చదివి వినిపించాను. బండ ఏదో తనే ఏరుతానంది. పొయ్యి ముందు ఉన్నది కాదట, గడప పక్కది కావాలట. మామయ్య ఆ బండ మీదే కూర్చుని టీ తాగేవాడు. దాన్ని లేపేటప్పుడు పగలకుండా చూడమని మేస్త్రీకి ఇప్పటికే రెండుసార్లు చెప్పింది.

పక్కింటి ఆంటీ గోడకు రంగు వేసుకోమన్నారు, వాళ్లకూ ఆ సందు చీకటిగానే ఉందట. ఆదివారం పని మొదలు.

సార్, మీరడిగిన కొలత: తూర్పు గోడకు 8 అడుగులు, దక్షిణం గోడకు 6 అడుగులు గట్టు, వెడల్పు రెండడుగులు. అవి పోను నేల 60 చదరపు అడుగులు. ఎన్ని పెట్టెలు తీసుకోవాలి? జాయింట్లలో ఏ రంగు నింపించాలి? మేస్త్రీ వైట్ సిమెంటు అంటున్నాడు.

గచ్చుపని_గుంటూరు

వైట్ సిమెంటు వద్దమ్మా. వంటింట్లో పసుపు, నూనె పీల్చుకుని నెలలోనే మళ్లీ నల్లగీతలు వస్తాయి. ఎపాక్సీ గ్రౌట్ (జాయింట్లలో నింపే రెజిన్ ముద్ద) పెట్టించండి, ధర ఎక్కువే గానీ 60 అడుగులకు పట్టేది తక్కువ. రంగు టైల్లోని గోధుమ చుక్కకు దగ్గరగా, కొంచెం లేతగా ఉన్నది తీసుకోండి. జాయింటు 2 మిల్లీమీటర్ల స్పేసరుతో. ఎపాక్సీ నింపిన వెంటనే పైన మిగిలింది తుడిపించాలి, ఆరాక వదలదు. మీరు దగ్గర నిలబడి తుడిపించండి.

2×2 టైలు నాలుగు చదరపు అడుగులు. ముగ్గు బండ చోటు పోను మీకు 14 పడతాయి, కోతలకు మూడు కలిపితే 17. పెట్టెకు నాలుగు చొప్పున ఐదు పెట్టెలు. ఐదూ ఒకే బ్యాచ్, ఒకే షేడ్ నంబరు ఉన్నాయో లేదో షాపులోనే చూసుకోండి. నంబరు మారితే రంగు కొంచెం తేడా వస్తుంది, ఇలాంటి లేత రంగులో అది బాగా తెలుస్తుంది. మిగిలిన మూడు టైల్స్ తిరిగి ఇవ్వకండి, సజ్జ మీద దాచండి. రేపు సింకు పైపు కోసం ఒకటి పగలగొట్టాల్సి వస్తే అదే షేడ్ మళ్లీ దొరకదు.